చీకటి జనవరిలో మళ్లీ పనిలోకి

డిసెంబరు 21తో పగలు కుంచించుకుపోవడం ఆగుతుందనీ, మర్నాటి నుంచి పొద్దు పెరుగుతుందనీ బడిలో చదువుకున్నాం. లండన్‌లోనో గ్లాస్గోలోనో ఉద్యోగం చేసుకుంటూ, క్రిస్మస్ సెలవులు ముగించుకుని జనవరి మొదటి వారంలో పనిలోకి బయల్దేరే తెలుగువాళ్లకు ఆ చదువు పెద్దగా ఊరటనివ్వదు. ఉదయం ఏడింటికి కిటికీ తెర తొలగిస్తే వీధి దీపాలే వెలుగు. పైగా సెలవులకు ముందుకంటే ఇప్పుడే ఉదయాలు మరీ చీకటిగా ఉన్నట్టుంటుంది. అది భ్రమేమీ కాదు.

ఏడాది మొత్తంలో లండన్‌లో సూర్యోదయం బాగా ఆలస్యమయ్యేది కొత్త సంవత్సరం చుట్టుపక్కల రోజుల్లో. అప్పుడు 8:06 దాకా పొద్దు పొడవదు. సూర్యాస్తమయం మరీ త్వరగా అయిపోయే రోజులు మాత్రం డిసెంబరు రెండో వారంలోనే వచ్చి వెళ్లిపోతాయి. భూమి తిరిగే దారి సరైన వృత్తం కాకపోవడం, జనవరి మొదట్లో అది సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి వేగం పుంజుకోవడం, దాని అక్షం వంగి ఉండడం, ఇవన్నీ కలిసి ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నాన్ని గడియారం మీద రోజుకు అర నిమిషం చొప్పున ముందుకు జరుపుతాయి. దానితోపాటే ఉదయమూ సాయంత్రమూ జరుగుతాయి. అందుకే డిసెంబరు చివర పెరిగే పగలంతా సాయంత్రం ఖాతాలో పడుతుంది, ఉదయానికి ఏమీ దక్కదు. హైదరాబాద్‌లోనూ ఇదే తంతు. అక్కడ జనవరి మూడో వారం దాకా సూర్యోదయం ఆలస్యమవుతూనే ఉంటుంది. కాకపోతే ఆ ఆలస్యం 6:50 దగ్గర ఆగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలకు కాస్త పైనే. లండన్‌లో అది 7 గంటల 50 నిమిషాలు, గ్లాస్గోలో దాదాపు ఏడు గంటలు. ఏడున్నరకు ఇల్లు వదిలి సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు నుంచి బయటపడే మనిషికి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎండ పొడ తగలదు. కేర్ హోమ్‌లో ఎనిమిది నుంచి ఎనిమిది దాకా డ్యూటీ చేసేవాళ్లకీ, రాత్రంతా గోదాములో పెట్టెలు సర్ది పగలు పడుకునే మాస్టర్స్ విద్యార్థులకీ సంగతి ఇంకా అధ్వానం. పండగలా గడిచిన పది రోజుల సెలవు తర్వాత సరిగ్గా ఈ చీకట్లోకే తిరిగి రావాలి.

ఆ వారంలో లేవలేకపోవడాన్నీ, తెరిచిన మెయిలే మళ్లీ తెరవడాన్నీ, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడాన్నీ మనవాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు: బద్ధకం. నా దృష్టిలో ఆ తీర్పు తప్పు. అందులో సగం పైగా వెలుతురు లెక్క, మిగతాది తిరిగి రావడంలో ఉండే మామూలు బరువు. రెండింటినీ విడదీసి చూస్తే దేనికి ఏం చేయాలో తెలుస్తుంది.

వెలుతురు సంగతి ముందు. కన్ను చూడడానికే ఉందని చాలాకాలం అనుకున్నారు. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో అనే శాస్త్రవేత్త కప్ప చర్మంలో వెలుతురుకు స్పందించే ఒక పదార్థాన్ని కనుగొని దానికి మెలనాప్సిన్ అని పేరు పెట్టాడు. 2002లో బ్రౌన్ యూనివర్సిటీలో డేవిడ్ బెర్సన్ బృందం అంతకంటే వింత సంగతి బయటపెట్టింది. రెటీనాలో కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. వాటిలో ఉండేది ఈ మెలనాప్సినే. వాటి ముఖ్యమైన పని బొమ్మలు చూపించడం కాదు, బయట పగలా రాత్రా అన్న కబురు మెదడుకు చేరవేయడం. ఆ కబురు అందుకునేది మెదడు అడుగుభాగంలో ఉండే చిన్న కణాల గుంపు. మనం జీవ గడియారం అనేది దాన్నే. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హుషారు అన్నీ దాని ప్రకారమే నడుస్తాయి.

ఆ గడియారానికి ఒక లోపముంది. దాని చుట్టు సగటున 24 గంటల మీద పది నిమిషాలు అదనంగా పడుతుంది. తాతగారి గోడ గడియారానికి రోజూ కీ ఇచ్చి ముల్లు సరిచేసినట్టు, దీన్నీ రోజూ సరిచేయాలి. ఆ పని చేసేది ఉదయపు వెలుతురు. అది అందకపోతే గడియారం కొద్దికొద్దిగా వెనకబడుతుంది. అలారం ఏడింటికి మోగుతుంది కానీ ఒంటి లోపల ఇంకా ఐదే అవుతుంటుంది. రాత్రిని ఒంటికి ప్రకటించే మెలటోనిన్ హార్మోన్ అప్పటికింకా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది.

ఇంట్లో లైట్లన్నీ వేసుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. ఫోన్లో వెలుతురు కొలిచే యాప్ ఒకటి వేసుకుని చూడండి. సోఫా పక్కన దీపం కింద పెడితే నూరో నూట యాభయ్యో లక్స్ చూపిస్తుంది. బాగా వెలిగే ఆఫీసులో డెస్కు మీద 300, మహా అయితే 500. అదే ఫోన్ పట్టుకుని, ముసురు పట్టి బూడిద రంగులో ఉన్న ఆకాశం కింద, ‘ఇదీ ఒక పగలేనా’ అని మనం తిట్టుకునే ఆ లండన్ వీధిలోకి మధ్యాహ్నం అడుగు పెట్టండి. అంకె వేలల్లోకి దూకుతుంది. ఎండ కాసే రోజయితే చెప్పక్కర్లేదు. కంటి పాప తనకు తానే సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మన చూపుకు తెలియదు. జీవ గడియారానికి మాత్రం ఆఫీసు లైట్లు పెద్దగా ఆనవు.

బాగా వెలిగే కాంతి మనిషిలో మెలటోనిన్‌ను అణిచేస్తుందని 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ అనే అమెరికా వైద్య పరిశోధకుడు చూపించాడు. అంతవరకూ ఆ ప్రభావం జంతువులకే తప్ప మనిషికి వర్తించదనుకునేవారు. కారణం తమాషాగా ఉంటుంది: ప్రయోగాలన్నీ మామూలు గది దీపాలతో చేశారు. నార్మన్ రోజెంతాల్ అనే మానసిక వైద్యుడు ఆ దారినే ముందుకు వెళ్లాడు. ఆయన పుట్టి పెరిగింది దక్షిణాఫ్రికాలో, ఎండకు లోటు లేని జొహానెస్‌బర్గ్‌లో. 1976లో న్యూయార్క్ వచ్చాక మొదటి శీతాకాలంలోనే తన ఓపిక పడిపోవడం, వసంతంలో తిరిగి రావడం గమనించాడు. ఎండ దేశం నుంచి చలి దేశానికి వలస వచ్చినవాడు కాబట్టే ఆ తేడా ఆయనకు కొట్టొచ్చినట్టు కనబడిందేమో. ఈ కథ మన కథకు దగ్గరగా ఉండడానికి అదే కారణం. 1984లో ఆయనా సహచరులూ కలిసి, ఏటా చలికాలంలో వచ్చి వేసవికి పోయే డిప్రెషన్‌ను వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. దానికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు.

దీని లక్షణాలు మనం డిప్రెషన్ అనగానే ఊహించుకునేవాటికి కొంత భిన్నంగా ఉంటాయి. మామూలుగా డిప్రెషన్‌లో నిద్ర పట్టదు, తిండి సయించదు అంటారు. ఇక్కడ నిద్ర ఎక్కువవుతుంది, ఎంత పడుకున్నా తీరదు. అన్నం, బ్రెడ్డు, మిఠాయిల మీదికి మనసు పోతుంది. బరువు పెరుగుతారు. కాళ్లూ చేతులూ సీసం పోసినట్టుంటాయి. ‘తిని పడుకుంటున్నాడు, వాడికేం రోగం’ అని ఇంట్లోవాళ్లు అనుకోవడానికి అన్ని హంగులూ ఉన్నాయన్నమాట.

అయితే జనవరిలో దిగులుపడే ప్రతివాళ్లకీ ఈ జబ్బు అంటగట్టకూడదు. 2016లో అమెరికాలో 34 వేలమందికి పైగా పెద్దవాళ్ల సర్వే సమాచారాన్ని విశ్లేషించిన పరిశోధకులకు డిప్రెషన్‌కీ రుతువుకీ సంబంధమే కనిపించలేదు. జనాభా మొత్తం సగటులో కనబడనంత మాత్రాన ఏ ఒక్కరికీ లేదని కాదు. ఏటా అదే నెలల్లో కుంగిపోయి అదే నెలల్లో తేరుకునేవాళ్లను వైద్యులు చూస్తూనే ఉన్నారు. కానీ చాలామందికి ఉండేది జబ్బు దాకా వెళ్లని మందకొడితనం. దానికి మందుబిళ్లతో పని లేదు, వెలుతురుతో ఉంది.

‘బ్లూ మండే’ని మాత్రం మనసులోంచి తీసేయండి. జనవరి మూడో సోమవారం ఏడాదిలోకెల్లా దిగులు దినం అని బ్రిటన్ పత్రికలు ఏటా రాస్తాయి. అది 2005లో ఒక ట్రావెల్ చానల్ ప్రచారం కోసం పుట్టింది. వాతావరణం, అప్పులు, జీతం అంటూ ఒక సూత్రం కూడా అల్లారు. అందులో సైన్సు లేదు, విహారయాత్రల టిక్కెట్లు అమ్ముకునే తెలివి ఉంది. దిగులులో ఉన్నవాళ్ల మాట ఫోన్లో వినే సమారిటన్స్ సంస్థ దాన్నే తిరగేసి ‘బ్రూ మండే’ చేసింది. ఆ రోజు ఎవరితోనైనా కూర్చుని టీ తాగి మాట్లాడమంటుంది. ఆ సలహాకు సూత్రంతో పని లేదు.

వెలుతురు విషయంలో యజమానులకూ బాధ్యత ఉందని ఒకప్పుడు ఒప్పుకున్న ఊరు ఒకటుంది. నార్వేలో ర్యూకాన్. రెండు కొండల మధ్య ఇరుకు లోయలో, నార్స్క్ హైడ్రో అనే కంపెనీ ఎరువుల ఫ్యాక్టరీ చుట్టూ పుట్టింది. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా ఆ ఊరి మీద ఎండ పడదు. సూర్యుడు కొండ వెనకే ప్రయాణం చేసి దిగిపోతాడు. కొండ మీద అద్దాలు పెట్టి ఎండను ఊళ్లోకి మళ్లిద్దామన్న ఆలోచన వందేళ్ల కిందటే పుట్టింది కానీ అప్పటి సాంకేతికతకు సాధ్యం కాలేదు. బదులుగా 1928లో కంపెనీ కార్మికులూ వాళ్ల కుటుంబాలూ కొండపైకి వెళ్లి ఎండ కాచుకోవడానికి కేబుల్ కారు కట్టించింది. అది ఇప్పటికీ నడుస్తోంది. అద్దాల కల 2013లో తీరింది. కంప్యూటర్‌తో తిరిగే మూడు పెద్ద అద్దాలు సూర్యుణ్ని వెంబడిస్తూ ఊరి నడిబొడ్డున ఎండ పరుస్తాయి. జనం కుర్చీలు వేసుకుని అందులో కూర్చుంటారు. మన కంపెనీలు కేబుల్ కారు కట్టించనక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర మధ్య మీటింగులు పెట్టకుండా ఉంటే చాలు.

ఈ మధ్యాహ్నం విరామం దగ్గర కాస్త ఆగాలి. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇందులో ఎవరూ పెద్దగా గమనించని ఒక సౌకర్యముంది. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ అయిదున్నర గంటల తేడా. లండన్‌లో సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు వదిలేసరికి ఇక్కడ రాత్రి పదకొండు. అమ్మానాన్నలు పడుకునే వేళ. ఇంటికి చేరి, వంట చేసుకుని, చీకట్లో ఒంటరితనం మీద పడే తొమ్మిదింటికి ఇక్కడ రాత్రి రెండున్నర. మాట్లాడాలనిపించిన ఘడియలో మాట్లాడే దిక్కుండదు. అదే మధ్యాహ్నం ఒంటిగంటకైతే ఇక్కడ ఆరున్నర. అమ్మ దీపం పెట్టి టీవీ ముందు కూర్చునే వేళ. ఆ సమయానికి కోటు వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, శాండ్‌విచ్ చేతపట్టుకుని బయట ఇరవై నిమిషాలు నడుస్తూ ఫోన్ చేస్తే వెలుతురు, నడక, తెలుగు మాట మూడూ ఒకేసారి అందుతాయి. వాన పడుతోందా, బస్సు షెల్టర్ కింద నిలబడండి. అక్కడి వెలుతురు కూడా డెస్కు మీది వెలుతురు కంటే మెరుగే.

ఇక ఆ ఫోన్లో మాట్లాడేది ఏమిటన్నది వేరే సంగతి.

“ఏరా, తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“చలి ఎలా ఉంది?”

“పర్లేదు.”

“ఒంట్లో బాగుంటోందా?”

“బాగానే ఉందమ్మా. నువ్వు బీపీ మాత్ర వేసుకున్నావా?”

రోజూ ఇదే పాఠం. ఇందులో అబద్ధమాడే ఉద్దేశం ఎవరికీ ఉండదు. అక్కడి చీకటి చెబితే ఇక్కడ నిద్ర పోదని వాడి భయం, మరీ గుచ్చి అడిగితే ఏం బయటపడుతుందోనని ఈవిడ భయం. ఇక్కడున్న పెద్దవాళ్లు ప్రశ్న మార్చి చూడవచ్చు. “ఇవాళ ఎండ చూశావా? ఎన్నింటికి లేచావు? ఆదివారం ఎవరింటికైనా వెళ్లావా?” అని అడిగితే ‘బాగానే ఉంది’ అనే జవాబు కుదరదు. సంక్రాంతి వారంలో ఇలా అడగడం మరీ అవసరం. సెలవులన్నీ క్రిస్మస్‌కే అయిపోయి ఉంటాయి. పండగేమో అక్కడ మామూలు పనిరోజున వస్తుంది. చీకట్లో రైలెక్కి ఫోన్ తెరిస్తే ముగ్గులు, గొబ్బెమ్మలు, మేడ మీద ఎండలో గాలిపటాలు, పళ్లెం నిండా అరిసెలు వరసగా వచ్చి పడతాయి. ఆ రోజు సాయంత్రం నలుగురు తెలుగువాళ్లు ఎవరో ఒకరి వంటింట్లో చేరి, నెయ్యి తక్కువైన పొంగలైనా సరే వండుకు తినడం ఉత్తి సరదా అనుకోకండి. ఆ వారానికి అది మందే.

తిరిగి రావడంలో ఉండే బరువు వెలుతురుతో పని లేకుండానే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి, పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్ల బారులో గంటలు గడిపి హైదరాబాద్ చేరి, మర్నాడు ఆఫీసులో కూర్చున్నవాళ్లకీ అది తెలుసు. అక్కడ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటారు. మన పెద్దలు కనుమ నాడు కాకి కూడా కదలదన్నారు. పండగకూ ప్రయాణానికీ మధ్య ఒక ఖాళీ రోజు ఉండాలన్న ఏర్పాటు అందులో ఉంది. ఇప్పటి హెచ్‌ఆర్ వాళ్లు దశలవారీగా పనిలోకి రావడం అనే దాని వెనకా ఇదే ఆలోచన.

ఇండియా వచ్చి వెళ్లేవాళ్లయితే ఆ ఖాళీ ఒక్క రోజు చాలదు. ఆదివారం రాత్రి హీత్రోలో దిగి సోమవారం ఉదయం లాగిన్ అయ్యే పద్ధతి మనవాళ్లకు ఇష్టం. ఒక్క సెలవు రోజు కూడా ‘వృథా’ కాకూడదు మరి. కానీ ఒంటి గడియారం రోజుకు గంట, మహా అయితే గంటన్నర మాత్రమే జరుగుతుంది. అయిదున్నర గంటల తేడా సర్దుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదికే కళ్లు మూతలు పడతాయి, తెల్లవారుజామున రెండున్నరకు మెలకువ వచ్చేస్తుంది. ఆకలి కూడా వేస్తుంది, ఎందుకంటే ఒంటి లెక్కలో అది ఇడ్లీ వేళ. అప్పుడు ఫోన్ వెలిగించి కూర్చుంటే తెల్లవారిందన్న నమ్మకాన్ని ఒంటికి మీరే ఖాయం చేసినట్టు. గది చీకటిగానే ఉంచి, నిద్ర రాకపోయినా నడుము వాల్చి ఉండడం మేలు. సాయంత్రం మాత్రం ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసుకుని తొమ్మిదిన్నర దాకా ఎలాగోలా లాక్కురావాలి. గడియారం సర్దుకున్నాక ఈ పద్ధతి తిరగబడుతుంది: ఉదయం వెలుతురు ఎక్కువ, రాత్రి తక్కువ. అమెరికా వెళ్లేవాళ్లకు తూర్పు తీరంలో పదిన్నర గంటలు, పశ్చిమ తీరంలో పదమూడున్నర గంటల తేడా కాబట్టి వారం దాటినా కుదుటపడకపోవచ్చు. వీలైతే గురువారానికే చేరుకోండి. లేదంటే మొదటి రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని ముందే అడగండి.

మొదటి వారం పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పేరుకున్న మెయిళ్లన్నీ మొదటి రోజే తేల్చేయాలన్న పట్టుదల ఎవరికీ మంచిది కాదు. సెలవుల్లో వచ్చినవాటిలో చాలావరకు వాటంతటవే తీరిపోయి ఉంటాయి. ఉదయాల్లో బుర్ర సరిగా పనిచేయని రోజులివి కాబట్టి కష్టమైన పని మధ్యాహ్నం నడక తర్వాత పెట్టుకోవడం తెలివి. ఉద్యోగం మానేయాలనీ, దేశం వదిలి వెళ్లిపోవాలనీ ఈ వారంలో అనిపిస్తే కాగితం మీద రాసి పెట్టుకోండి. రాజీనామా లేఖ మాత్రం ఫిబ్రవరిలో రాయవచ్చు.

లైట్ బాక్స్ కొనాలా అని చాలామంది అడుగుతారు. పది వేల లక్స్ ఇచ్చే పెట్టెను నిద్ర లేచిన గంటలోపు, ముఖానికి రెండు అడుగుల లోపు దూరంలో పెట్టుకుని అరగంట కూర్చోవాలి. దానివైపే చూడక్కర్లేదు. పక్కన పెట్టుకుని టిఫిన్ తినవచ్చు, పేపరు చదవవచ్చు. ఆ పది వేల లక్స్ ఎంత దూరంలో అందుతుందో పెట్టె మీద రాసి ఉండాలి, రాయకపోతే కొనకండి. చాలామందికి వారం రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ మాత్రం దీనికి ఆధారాలు ఇంకా నిశ్చయంగా లేవంటుంది. రెండూ నిజమే అనుకుని ప్రయత్నించి చూడడంలో తప్పులేదు. కంటి జబ్బులున్నవాళ్లూ, ఎండ పడనివ్వని మందులు వాడేవాళ్లూ డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. ఎప్పుడైనా బైపోలార్ ఉందని తేలినవాళ్ల విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. ఆ కాంతి వాళ్ల మనసును అదుపు లేని ఉధృతిలోకి నెట్టే ప్రమాదముంది.

విటమిన్ డి మరో కథ. చలికాలంలో బ్రిటన్ ఎండకు చర్మంలో విటమిన్ డి తయారవదు. మన చర్మం రంగుకు వేసవిలో కూడా తక్కువే తయారవుతుంది. అందుకే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దక్షిణాసియా మూలాలున్నవాళ్లు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాములు తీసుకోవడం గురించి ఆలోచించమంటుంది. సీసా మీద అది 400 ఐయూ అని ఉంటుంది. ఎముకలకూ కండరాలకూ అది అవసరం. దిగులు పోగొడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. విస్కీ కూడా పోగొట్టదు. వెంటనే కునుకు పట్టిస్తుంది, తెల్లవారుజామున లేపి కూర్చోబెడుతుంది.

వెర్మాంట్ యూనివర్సిటీలో కెల్లీ రోహన్ చేసిన పరిశోధన నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. చలికాలపు డిప్రెషన్ ఉన్నవాళ్లను రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు లైట్ బాక్స్, మరో జట్టుకు ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స ఇచ్చారు. ఆ ఏడాది రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. రెండు చలికాలాల తర్వాత చూస్తే, లైట్ బాక్స్ జట్టులో దాదాపు 46 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది, మాటల చికిత్స జట్టులో 27 శాతం మందికే. పెట్టె ఏటా అటక మీంచి దించుకుంటేనే పనిచేస్తుంది. చీకటి పడగానే దుప్పటి కప్పుకోవాలన్న అలవాటును ఒకసారి మార్చుకోగలిగితే అది మనతోనే ఉంటుంది. చికిత్సలో నేర్పేదీ పెద్ద బ్రహ్మవిద్య కాదు. ‘చలికాలం నా పని అయిపోయినట్టే’ అన్న ఆలోచనను పట్టుకుని ప్రశ్నించడం, బుద్ధి పుట్టకపోయినా వారంలో రెండు సాయంత్రాలు బయటికి వెళ్లే పని ముందే పెట్టుకోవడం.

మందకొడితనం ఎక్కడ ముగుస్తుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులుగా ఉండడం, ఇష్టమైన క్రికెట్టూ సినిమా కూడా రుచించకపోవడం, పనిలో వరసగా తప్పులు దొర్లడం, నేనుండి ఏం లాభం అన్న మాట మనసులో తిరగడం కనిపిస్తే ఇక చిట్కాలతో కాలయాపన చేయకూడదు. జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్లాలి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు జీపీ సిఫారసు కూడా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. అనారోగ్యంతో ఏడు రోజుల దాకా సెలవు పెట్టడానికి మీ మాటే చాలు. అది దాటితే ‘ఫిట్ నోట్’ కావాలి. అందులో పూర్తి సెలవే రాయాలని లేదు. పని గంటలు తగ్గించమనో, దశలవారీగా పనిలోకి రానివ్వమనో కూడా డాక్టరు రాయవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో పనివేళల మార్పు అడిగే హక్కు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఉంది. తొమ్మిదికి బదులు పదికి వస్తానని, వెలుతురులో నడిచి వస్తానని అడగడం నేరమేమీ కాదు.

మనవాళ్ల నోరు కట్టేసేది వీసా. స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాడు మనసు బాగోలేదంటే రేపు ఉద్యోగం ఉంటుందా అన్న భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ ఒక వాస్తవం తెలిసి ఉండాలి. ఏడాదిలో నాలుగు వారాలకు మించి జీతం లేని సెలవు పెడితే స్పాన్సర్‌షిప్‌కు చిక్కు అన్న నిబంధన అక్కడుంది. అనారోగ్య సెలవును మాత్రం ఆ లెక్క నుంచి మినహాయించారు. జీపీతో చెప్పుకున్న మాట మీ అనుమతి లేకుండా కంపెనీకి చేరదు. ఫిట్ నోట్‌లో ఏం రాయాలన్నది కూడా డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మర్నాటిదాకా ఆగకూడదు. ఇంగ్లండ్‌లో 111కు ఫోన్ చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్య సిబ్బంది పలుకుతారు. సమారిటన్స్ నంబరు 116 123, ఏ వేళనైనా ఉచితం. ప్రాణాపాయమైతే 999. ఇండియాలో ఉన్నవాళ్లకు ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలు విదేశంలో ఉండి ఇక్కడ ఒంటరిగా దిగులుపడే తల్లిదండ్రులకూ అదే నంబరు.

ఫిబ్రవరి రెండో వారానికి లండన్‌లో సూర్యాస్తమయం ఐదు దాటుతుంది, ఉదయం రైలెక్కే వేళకు తెల్లవారి ఉంటుంది. చాలామంది ఏమీ చేయకుండానే తేరుకుని ఈ గొడవంతా మరిచిపోతారు. మళ్లీ అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పినప్పుడు గుర్తొస్తుంది. లైట్ బాక్స్ కొనదలిస్తే అప్పుడే కొని మొదలుపెట్టాలి, జనవరి దాకా ఆగితే సగం సీజన్ గడిచిపోతుంది. సెలవులన్నీ క్రిస్మస్‌కే ఖర్చుపెట్టకుండా సంక్రాంతికి ఒక రోజు, జనవరి చివర ఒక శుక్రవారం దాచుకోవాలి. ఇండియా టిక్కెట్టు కొనేటప్పుడు తిరుగు ప్రయాణం ఆదివారానికి కాకుండా గురువారానికి చూసుకోవాలి. ఛార్జీ కూడా చాలాసార్లు ఆదివారం కంటే తక్కువే ఉంటుంది.